కాలం మారిందని ముందే మందు కొడితే

"కాలం మారిపోయింది. దోమ కనిపించేదాకా ఆగితే పొలం మిగలదు. నాటిన ఇరవై రోజులకే ఒక మందు కొట్టేయాలి."

సార్వా నాట్లు ముగిసీ ముగియకముందే ఈ మాట మొదలవుతుంది. మందుల దుకాణంలో చెబుతారు, గట్టు మీద చెబుతారు, ఫోన్లలో ఒకరి నుంచి ఒకరికి పంపుతారు. నమ్మిన రైతు పురుగు లేని పొలంలో మందు కొడతాడు. పైరు పొట్టకొచ్చే వేళకు అదే పొలం సుడులు సుడులుగా మాడిపోతుంది. అప్పుడు కూడా వాతావరణాన్నే తిడతారు తప్ప మొదట కొట్టిన మందును ఎవరూ అనుమానించరు. ఏటా ఇదే నష్టం చూస్తూ ఊరుకోవడం కష్టంగా ఉంది.

ఈ మాటలో కొంత నిజం ఉంది, ఒప్పుకోక తప్పదు. వేడి పెరిగితే పురుగు ఎక్కువ తింటుంది, త్వరగా పెరుగుతుంది. భూమి సగటు ఉష్ణోగ్రత ఒక్క డిగ్రీ పెరిగిన ప్రతిసారీ వరి, మొక్కజొన్న, గోధుమ పంటల్లో పురుగుల వల్ల కలిగే నష్టం 10 నుంచి 25 శాతం దాకా పెరగవచ్చని 2018లో 'సైన్స్' పత్రికలో వచ్చిన అధ్యయనం అంచనా వేసింది. గాలిలో కార్బన్ డయాక్సైడ్ పెంచి సాగుచేసిన వరిపై సుడిదోమ మరింతగా పెరిగిందని ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ ప్రయోగాల్లోనూ తేలింది.

అయితే 2018 నాటి అధ్యయనంలోనే ఇంకో మాట ఉంది, దాన్ని ఎవరూ ఫోన్లలో పంపరు. ఉష్ణోగ్రత మూడు డిగ్రీలు దాటి పెరిగితే వరిలో పురుగుల నష్టం ఇక పెరగకుండా నిలకడగా ఉండవచ్చని అది చెబుతోంది. వరి పండే వేడి దేశాల్లో పురుగులు ఇప్పటికే తాము తట్టుకోగల హద్దుకు దగ్గరగా బతుకుతున్నాయి. సుడిదోమకు హాయిగా ఉండేది 25 నుంచి 30 డిగ్రీల వేడి. అంతకు మించి 35 డిగ్రీల దగ్గర దాని ఒంట్లో ఉండి పోషకాలు అందించే ఈస్టు లాంటి సూక్ష్మజీవులే తగ్గిపోతాయి. కాబట్టి 'ఎండ పెరిగింది, దోమ పెరిగింది' అన్న లెక్క అంత తిన్నగా నడవదు. మన పొలాల్లో దోమకు కలిసొచ్చేది మబ్బు పట్టి ఉక్కపోసే రోజులు, గాలి దూరనంత గుబురుగా పెరిగిన పైరు, కదలని నీరు, అతిగా వేసిన యూరియా. వానలు లెక్క తప్పి, కాలవ నీరు ఆలస్యమై ఒకే ఆయకట్టులో నెలన్నర తేడాతో నాట్లు పడితే దోమకు ఎప్పుడూ ఎక్కడో ఒకచోట లేత పైరు దొరుకుతూనే ఉంటుంది. వాతావరణ మార్పు మనకు తెస్తున్న అసలు చిక్కు ఇది. దీనికి ముందస్తు మందు ఏ విధంగానూ జవాబు కాదు.

ఇంతకీ ఆ ముందస్తు మందు చంపేది ఎవర్ని? నాటిన మొదటి నెలలో దోమ పొలంలో ఉండదు, ఉన్నా దుబ్బుకు ఒకటీ అరా. కానీ సాలీళ్లు ఉంటాయి, మిరిడ్ నల్లులు ఉంటాయి, అక్షింతల పురుగులు, తూనీగలు ఉంటాయి. దోమే లేనప్పుడు ఇవి ఏం తిని బతుకుతున్నాయి? జావా పొలాలను పరిశీలించి 1996లో వెలువడిన అధ్యయనం దీనికి జవాబు చెప్పింది. పొలం నీటిలో కుళ్లే పేడ, ఎరువు, ఆకు మీద బతికే హానిలేని చిన్న చిన్న ఈగలే మొదటి వారాల్లో వీటికి ఆహారం. శత్రువు రాకముందే పొలం తన కాపలాను తానే పోషించుకుంటుంది. తొందరపడి కొట్టిన మందు ఆ ఆహారాన్నీ, దాన్ని తినే కాపలానూ ఒకేసారి తుడిచిపెడుతుంది.

ఆ తర్వాత దోమ వస్తుంది. ఆడదోమ ఆకు తొడుగు కణజాలం లోపల గుడ్లు పెడుతుంది. ఒక్కో ఆడపురుగు రెండు మూడు వందలు పెట్టగలదు. పైన కొట్టిన మందు లోపలున్న గుడ్డును చంపదు. వారం, పది రోజుల్లో పిల్లలు బయటికి వచ్చేసరికి గుడ్లు తినే మిరిడ్ నల్లి ఉండదు, పిల్లల్ని పట్టే సాలీడు ఉండదు. నెల తిరక్కుండానే మరో తరం. అందులోనూ ఆ మందు సైపర్‌మెత్రిన్, డెల్టామెత్రిన్ వంటి సింథటిక్ పైరిత్రాయిడ్ అయితే ఇంకా ప్రమాదం. వీటి ప్రభావం కొద్దిగా సోకి బతికిన దోమ మామూలు కంటే ఎక్కువ గుడ్లు పెడుతుందని ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ నలభై ఏళ్ల కిందటే గమనించింది. అయినా నేటికీ ఆకుముడతకని, మొగి పురుగుకని వీటిని కలిపి కొట్టిస్తూనే ఉన్నారు. తెలిసి చేస్తే నేరం. తెలియక చేస్తున్నా రైతు నష్టం తగ్గదు.

ఇండోనేషియా ఈ పాఠం నేర్చుకోవడానికి పెద్ద మూల్యమే చెల్లించింది. అక్కడి ప్రభుత్వం పురుగుమందుల మీద భారీ రాయితీ ఇచ్చి వాడించింది. 1985-86లో జావాలో సుడిదోమ విరుచుకుపడింది. 1986 నవంబరులో అధ్యక్షుడు సుహార్తో వరిలో 57 రకాల పురుగుమందులను నిషేధించారు. 1989 నాటికి రాయితీ పూర్తిగా ఎత్తేశారు. బియ్యం దిగుబడి కుప్పకూలలేదు. రైతులే పొలంలో దిగి పురుగుల్ని లెక్కపెట్టే బడులు అక్కడే మొదలయ్యాయి. మన పొలంబడి ఆ దారిలో వచ్చిందే.

మిగిలిన అపోహలకు ఇంత చోటు అక్కర్లేదు. యూరియా దండిగా వేస్తే మొక్క దోమను తట్టుకోదు, దోమే మొక్కను ఇష్టపడుతుంది. ఆకుముడతకు తొలి నెలలో ఆకులు తెల్లబడితే కంగారు వద్దు, వరి కొత్త ఆకులు వేసి కోలుకుంటుంది. తట్టుకునే రకం వేశాం గనుక ఇక పొలం చూడక్కర్లేదనుకోవడం తప్పు. 1973లో వచ్చిన ఐఆర్ 26 రెండు మూడేళ్లకే దోమకు లొంగిపోయింది. కంకి తెల్లబడితే పురుగేనన్నది మరొకటి. తెల్లకంకి లాగగానే ఊడివస్తే అది మొగి పురుగు పని. ఊడిరాకుండా తాలుగా ఉంటే పూత వేళ 35 డిగ్రీలు దాటిన ఎండా కారణం కావచ్చు, దానికి మందు లేదు. రాత్రి ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగితే వేసవి పంట దిగుబడి సుమారు 10 శాతం తగ్గిందని ఆ ఫిలిప్పీన్స్ సంస్థే తన పొలాల లెక్కలతో 2004లో చూపింది. ఎండ తీసిన దిగుబడిని పురుగు ఖాతాలో రాసి మందు కొడితే రైతుకు రెండో నష్టం కూడా అయినట్టే.

ముందు జాగ్రత్త అసలే వద్దని కాదు. నారు పీకే వారం ముందు నారుమడిలో గుళికలు వేయడం, కొనలు తుంచి నాటడం మొగి పురుగు మీద పనిచేసే జాగ్రత్తలు. ఆయకట్టు రైతులు మాట్లాడుకుని ఒకేసారి నాట్లు వేయడం అంతకంటే మంచిది. ప్రతి రెండు మీటర్లకు 20 సెంటీమీటర్ల బాట తూర్పు పడమరలుగా తీయండి. నత్రజనిని మూడు దఫాలుగా వేయండి. దోమ ఎక్కువగా వచ్చే పొలమైతే మారుటేరు వరి పరిశోధన కేంద్రం వారి విజేత, ఇంద్ర వంటి రకాలు చూసుకోండి, సాంబ మసూరి దోమను తట్టుకోదు. నాటిన నలభై రోజుల దాకా పురుగుమందు జోలికి పోకుండా వారానికోసారి పొలంలో దిగి దుబ్బు మొదళ్లు తట్టి చూడండి. పిలక దశలో దుబ్బుకు 10-15, ఈనిన తర్వాత 20-25 దోమలు కనిపిస్తేనే మందు. అప్పుడైనా ముందు నీరు తీసి పొలం ఆరగట్టండి. లీటరు నీటికి 0.6 గ్రాముల పైమెట్రోజిన్ గానీ 0.4 గ్రాముల డైనోటెఫ్యురాన్ గానీ కలిపి, పాయలు తీసి దుబ్బు మొదళ్లు తడిసేలా కొట్టండి. మళ్లీ అవసరమైతే రెండోసారి అదే మందు కొట్టకండి.