పెరటికూరయు పరదేశపు పండును

పెరటిచెట్టు మందునకు రాదని సామెత. ఇప్పుడది వంటకును రాకున్నది. మన పట్టణములలోని యంగళ్లయందు న్యూజీలాండు కివీపండ్లును, అమెరికాలోని వాషింగ్టను రాష్ట్రపు ఆపిలుపండ్లును కొలువుదీరియుండగా, ఇంటి జామకాయ చిలుకల పాలగుచున్నది. ఇందువలన దేశధనమునకు గలుగు నష్టము నెల్లరు నెరుగుదురు. ప్రకృతికి గలుగు నష్టమును నేడు మేము విచారింపదలచితిమి.

దూరమునుండి వచ్చిన ప్రతి వస్తువును మిక్కిలి చేటు చేయునని తలచుట పొరపాటు. అమెరికావారి యాహారమునుగూర్చి 2008లో ప్రకటింపబడిన యొక పరిశోధన ననుసరించి, ఆహారమువలన వెలువడి భూమిని వేడిచేయు వాయువులలో నూటికి 83 పాళ్లు పండించుటయందే పుట్టుచున్నవి. రవాణావలన పుట్టునవి 11 పాళ్లు మాత్రమే. ఓడలో వచ్చిన పండు నేరము కొంత తక్కువ. విమానమున వచ్చినదానికి మాత్రము సమర్థన లేదు. అంతే బరువును అంతే దూరము మోయుటకు విమానము ఓడకంటె సుమారు 50 రెట్లు వాయువును విడుచును.

కావున ఎంత దూరమునుండి వచ్చినదని కాక, ఎట్లు పండినదని ముందడుగవలెను. పెరటి వంకాయను వేచు నూనె మాటయేమి? మన దేశము వంటనూనెలో సగమునకు పైగా విదేశములనుండి తెచ్చుకొనుచున్నది. అందు పెద్దపాలు ఇండొనేషియా, మలేషియాల పామాయిలు. ఈ తోటలకై అచ్చట మహారణ్యములు నరకబడినవి, చిత్తడినేలలు ఎండబెట్టబడినవి. 2022 ఏప్రిలులో ఇండొనేషియా ప్రభుత్వము ఎగుమతిని నిలిపినప్పుడు ఇచ్చట నెట్టి యాందోళన పుట్టెనో గృహస్థులు మరువలేదు. నువ్వులను, వేరుసెనగను చిన్నచూపు చూచినందులకు ఫలమిది.

అట్లని పెరటితోటలన్నియు నిర్దోషములనరాదు. ఐరోపా, అమెరికాలలో 73 పట్టణతోటలను పరీక్షించి 2024లో ప్రకటించిన ఫలితము చూడుడు. అందలి పంటకు, పెద్దపొలముల పంటకంటె సగటున 6 రెట్లు వాయుభారము పడినది. దోషము మొక్కది కాదు. దానికై కట్టిన మళ్లది, కొట్టములది.

మన పెద్దల పెరడిట్టిది కాదు. పాతవాసములతో పందిరి, పశువులపేడ యెరువు, ఇంటి విత్తనము, అంట్లు తోమిన నీరు అరటిపాదునకు, పందిరిపై బీర, సొర, చిక్కుడు, కంచెప్రక్క మునగ. పొయ్యిమీద ఎసరు పెట్టి కూర కోయువారికి చలియంత్రముతోగాని, పొట్లముతోగాని పనిలేదు. కావలసినంతయే కోసినచో పారవేయునది లేదు. నేడో, భూవసతి గలవారే పెరటిని సిమెంటు చేయించి, డాబాపైకి ప్లాస్టికు తొట్లను కొనితెచ్చుచున్నారు. వెలపెట్టి కొన్న సరంజామాతో వెలలేని నేలను కప్పుట యేమి వివేకము?

మేము కోరునది స్వల్పము. విమానమున వచ్చిన పండును మానుడు. ఋతువున పండినదానిని తినుడు. స్వదేశపు గింజను గానుగాడించుకొనుడు. తొలకరికి ముందే పెరటి గచ్చును నాలుగు మూరలైన పెకలించి రెండు పాదులు పెట్టుడు. నేల మీదే, నీరు మీదే. లోపించినది మనస్సొక్కటియే.