దిబ్బ ఎరువులో దాగిన కలుపు మందు: బీన్స్ గింజతో పరీక్ష

పశువుల ఎరువు నేలకు బలమన్న మాట రైతుకు ఎవరూ నేర్పనవసరం లేదు. బాగా మాగి, నల్లబడి, చేతిలోకి తీసుకుంటే పొడిపొడిగా రాలే ఎరువును శంకించేవారు అరుదు. అయితే 2008లో బ్రిటన్‌లో పెరటి కూరగాయలు పండించుకునే అనేకులకు అటువంటి ఎరువే నష్టం తెచ్చింది. టమాటా, బంగాళాదుంప, చిక్కుడు, బఠానీ మొక్కల లేత ఆకులు దొప్పల వలె ముడుచుకున్నాయి. కాడలు మెలితిరిగాయి. చూడడానికి తెగులు వలె ఉన్నప్పటికీ కారణం ఎరువులోనే ఉన్నది.

ఆ దేశపు పచ్చిక బయళ్ళలో వెడల్పాకు కలుపును చంపడానికి ఎమినోపైరాలిడ్ అనే మందు చల్లేవారు. ఇది గడ్డిని చంపదు కాని గడ్డిలోనే నిలిచి ఉంటుంది. గడ్డిని కోసి ఎండబెట్టినా పోదు. పశువు మేసినప్పుడు దాదాపు ఉన్నది ఉన్నట్లుగా పేడలోనికి, మూత్రంలోనికి చేరుతుంది. దీనిని విచ్ఛిన్నం చేసేవి ప్రధానంగా నేలలోని సూక్ష్మజీవులు. గాలి సోకని కుప్పలో ఆ పని మిక్కిలి నెమ్మదిగా సాగుతుంది. కనుక ఎరువు మాగినంత మాత్రాన మందు పోయినట్లు కాదు. 2008 జూలైలో బ్రిటన్ ఈ మందుకు అనుమతిని నిలిపివేసి, 2009లో కొత్త నిబంధనలతో తిరిగి ఇచ్చింది. ఇదే కుటుంబానికి చెందిన క్లోపైరాలిడ్ అనే మందు కంపోస్టులో చేరి మొక్కలను దెబ్బతీయగా, అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రం 2002లో ఇళ్ళ పచ్చికల మీద దాని వాడకాన్ని నిషేధించింది.

మన ప్రాంతంలో మొక్కజొన్న, చెరకు చేలలో చల్లే 2,4-డి అనే కలుపు మందు సాధారణంగా నేలలో కొద్ది వారాలలోనే విచ్ఛిన్నమవుతుంది. కాని సొంత పశువుల ఎరువు చాలక ట్రాక్టరుతో తోలించుకునే రైతుకు ఆ పశువులు ఏ చేని గడ్డి మేశాయో తెలియదు. ఒక్కొక్కప్పుడు అమ్మేవారికీ తెలియకపోవచ్చు. వంద కోట్ల పాళ్ళలో కొద్ది పాళ్ళు ఉన్నా ఇటువంటి మందులు సున్నితమైన మొక్కలను చెరుపుతాయి. అంత స్వల్ప మోతాదును ప్రయోగశాలలో కొలవడం ఖర్చుతో కూడిన పని. మొక్క మాత్రం గుప్పెడు గింజల ఖర్చుతో ఆ సంగతి చెప్పగలదు.

పరీక్షించే విధానం

కుప్ప పైభాగం నుండి మాత్రమే కాక, లోపలి నుండి, అంచుల నుండి పది చోట్ల గుప్పెడేసి ఎరువు తీసి కలపాలి. ఈ ఎరువు వేయని మంచి మట్టితో సమపాళ్ళలో కలిపి మూడు నాలుగు కుండీలు నింపాలి. మరి మూడు నాలుగు కుండీలలో ఆ మట్టిని మాత్రమే నింపాలి. అన్నింటిలో మూడేసి బీన్స్ గింజలు నాటి, ఒకే చోట ఒకే రీతిగా నీరు పోయాలి. ఒక కుండీ నుండి కారిన నీరు మరొక దానికి తగలకుండా అడుగున విడివిడిగా పళ్ళేలు పెట్టాలి. రాగి, జొన్న, మొక్కజొన్న గడ్డి జాతివి గనుక ఈ పరీక్షకు పనికిరావు. మందు ఉన్నా అవి పచ్చగానే పెరుగుతాయి.

ఫలితం తెలుసుకోవడం

మొదట వచ్చే జంట ఆకులను చూసి తీర్పు చెప్పరాదు. ఆ తరువాత మూడేసి రెక్కలతో వచ్చే ఆకులు రెండు మూడు విచ్చుకునే వరకు, అనగా సుమారు మూడు నాలుగు వారాలు, వేచి ఉండాలి. ఎరువు కుండీలలో మాత్రమే లేత ఆకులు ముడుచుకొని, కాడలు మెలితిరిగితే ఆ ఎరువును కూరగాయలకు వేయరాదు. రెండు రకాల కుండీలలోనూ అదే లక్షణం కనిపిస్తే దోషం మట్టిలోనో, నీటిలోనో, వైరస్ తెగులులోనో వెదకాలి. ఎరువు కుండీలలో గింజ మొలవకపోయినా, ఆకు అంచులు మాడినా అది ఎరువు పచ్చిదనానికి, లవణాలకు సూచన కావచ్చు. మరికొంత మాగనిచ్చి మళ్ళీ పరీక్షించాలి.

దోషం తేలిన ఎరువును రాగి, జొన్న వేసే చేనిలో పలుచగా చల్లి దున్నితే సూక్ష్మజీవులు క్రమంగా మందును హరిస్తాయి. అయితే ఆ చేని మేత తిన్న పశువుల ఎరువును పరీక్షించకుండా కూరగాయలకు వాడరాదు. ఆ నేలలో కూరగాయలు వేయదలచినా ముందుగా అక్కడి మట్టిలో బీన్స్ గింజలు మొలిపించి చూడాలి.

ఈ పరీక్షకు ఒక హద్దు ఉన్నది. బీన్స్ మొక్క ఆరోగ్యంగా పెరిగినంత మాత్రాన ఎరువులో రోగక్రిములు లేవని కాని, పట్టణపు చెత్త కలిసినప్పుడు వచ్చే సీసం వంటి లోహాలు లేవని కాని అర్థం కాదు. లోహాలకు ప్రయోగశాల పరీక్షే శరణ్యం. క్రిముల విషయంలో అమెరికా సేంద్రియ సాగు నిబంధన గమనింపదగినది. పచ్చి ఎరువు వేసిన నేలను తాకే కూరగాయను 120 రోజులు, తాకని దానిని 90 రోజులు గడిచిన తరువాతనే కోయాలని ఆ నిబంధన చెబుతున్నది.

ట్రాక్టరు లోడును ఒకసారి మడిలో కలిపిన తరువాత వెనక్కు తీయడం సాధ్యం కాదు. అందుకే ఎరువు తోలించుకొనే ముందుగానే ఒక బస్తా తెచ్చి, నాట్లకు నెల రోజుల ముందు కుండీలలో గింజలు వేయడం మేలు.