మీకు తెలుసా? సొట్ట పడని తలుపులు, బేరం లేని షోరూమ్

అమెరికాలో శాటర్న్ కారు తలుపును మోకాలితో నొక్కితే లోపలికి వంగి, వదలగానే యథాస్థితికి వచ్చేది. పక్క తలుపులు, ఫెండర్లకు ఉక్కు రేకు బదులు ప్లాస్టిక్ వాడేవారు.

జపాన్ చిన్న కార్లకు పోటీగా జనరల్ మోటార్స్ 1985లో పెట్టిన సంస్థ ఇది. టెనెస్సీలోని స్ప్రింగ్ హిల్ ఫ్యాక్టరీలో తొలి కారు 1990 జూలైలో తయారైంది. షోరూమ్‌లో బేరం ఉండేది కాదు, రాసిన ధరే అందరికీ. తాళాలు ఇచ్చేటప్పుడు సిబ్బంది చుట్టూ చేరి చప్పట్లు కొట్టేవారు. 1991లో నాసిరకం కూలెంట్ వల్ల ఇంజిన్లు పాడయ్యే ప్రమాదం ఉందని తేలితే, 1,800కు పైగా కార్లను రిపేరు చేయకుండా వాటి బదులు కొత్తవే ఇచ్చేశారు! 1994లో ఫ్యాక్టరీ ఆహ్వానిస్తే వేలాది మంది యజమానులు కుటుంబాలతో తరలివచ్చారంటే ఆశ్చర్యమేముంది?

లోపాలూ ఉన్నాయి. ఎండకు ప్లాస్టిక్ వ్యాకోచిస్తుందని ప్యానెళ్ల మధ్య వెడల్పాటి సందులు వదిలేవారు. ఎస్ సిరీస్ అనే చిన్న కార్లు పాతబడితే ఇంజిన్ ఆయిల్ తాగేసేవి. యజమానులు తరచూ ఆయిల్ మట్టం చూసుకోవాల్సిందే.

అయినా శాటర్న్‌ను దెబ్బతీసింది మాతృసంస్థ నిర్లక్ష్యమే. ఆ చిన్న కార్లను దాదాపు పదేళ్లు నెట్టుకొచ్చాక గానీ పెద్ద సెడాన్ రాలేదు. 2009లో శాటర్న్‌ను కొంటానన్న పెన్‌స్కీ సంస్థ, కార్లు తయారుచేసి ఇచ్చేవారు దొరకక వెనక్కి తగ్గింది. 2010లో బ్రాండ్ మూతపడింది.