పొలం ఉన్నా బియ్యం కార్డు వస్తుంది... ముందు రికార్డు చూసుకోండి

పాసు పుస్తకం ఉంది కాబట్టి మీకు బియ్యం కార్డు రాదని ఎవరైనా అంటే నమ్మకండి. కుటుంబం మొత్తానికి మాగాణి, అంటే మన పల్లం భూమి, మూడెకరాల లోపు ఉన్నా, మెట్ట అయితే పదెకరాల లోపు ఉన్నా, రెండూ కలిపి పదెకరాల లోపు ఉన్నా అర్హులే. ట్రాక్టరు ఉన్నా ఫరవాలేదు. సొంత కారు ఉంటేనే ఇబ్బంది.

నలుగురున్న ఇంటికి తలకు 5 కిలోల చొప్పున నెలకు 20 కిలోలు, ఏడాదికి 240 కిలోలు. 75 కిలోల ధాన్యం బస్తాలు సుమారు ఐదు ఆడిస్తే గాని అంత బియ్యం రాదు. అంత్యోదయ కార్డుకైతే నెలకు 35 కిలోలు. 1983లో రెండు రూపాయలకు కిలో ఇచ్చిన బియ్యం 2023 జనవరి నుంచి ఉచితం.

ఆదాయం పల్లెలో నెలకు 10 వేలు, పట్నంలో 12 వేలు దాటకూడదు. పిల్లల చదువుల కోసం సీతమ్మధారలో కాపురం పెట్టిన రైతులకు పట్నం లెక్కే. అక్కడ వెయ్యి చదరపు అడుగుల సొంత ఇల్లుంటే కార్డు మాట మరచిపోవాల్సిందే. ఇంట్లో సర్కారు ఉద్యోగి గాని, ఆదాయపు పన్ను కట్టేవారు గాని ఉండకూడదు.

అసలు చిక్కు వేరే ఉంది. ఇప్పుడు అర్హత తేల్చేది ఆధార్ నంబరు. కంప్యూటరుకు మీ పొలం తెలీదు, రికార్డే తెలుసు. అమ్మేసిన చెక్క ఇంకా మీ పేరనే ఉన్నా, ఇంకొకరి ఖాతాకు మీ ఆధార్ ఎక్కినా అనర్హులని చూపిస్తుంది. కరెంటు మీటరు సంగతీ ఇంతే. ఇంటి వాడకం ఆరు నెలల సగటున 300 యూనిట్లు మించకూడదు. మీ ఆధార్ వేరే మీటరుకు తగిలించి ఉంటే ఆ యూనిట్లూ మీ లెక్కలోకే వస్తాయి.

కాబట్టి దరఖాస్తుకు ముందే 1బి, అడంగల్ తీయించి చూసుకోండి. భూమి తప్పుంటే తహసీల్దారు ఆఫీసులో, మీటరు తప్పుంటే కరెంటు ఆఫీసులో అర్జీ ఇచ్చి రసీదు తప్పకుండా అడగండి. నోటిమాటతో పని జరగదు. ఆ తర్వాతే సచివాలయంలో కార్డుకు దరఖాస్తు పెట్టండి.

కార్డులో ఉన్నవారికి ఈకేవైసీ వేలిముద్ర పడాలి. అది అయ్యాక ఆనందపురం, పద్మనాభం కార్డయినా సీతమ్మధార రైతు బజారుకు కూరగాయలు తెచ్చిన రోజున అక్కడి చౌక డిపోలోనే బియ్యం తీసుకోవచ్చు. డీలరు కాదంటే 1967కు ఫోను చేయండి, డబ్బులు పడవు.