పెనుకొండ: 550 ఏనుగులపై వచ్చిన ఆ నిధి ఏమైంది? కోట వీధుల్లో ఇప్పుడు ఏముంది?

ఓబులదేవరచెరువు, గోరంట్ల, హిందూపురం, ధర్మవరం.. ఈ చుట్టుపక్కల ఏ ఊళ్లో అడిగినా పెనుకొండ పేరు చెప్పగానే ముందు వచ్చే మాట ఒకటే. "రాయలవారి నిధి ఆ కొండలోనే ఉందంట!" ఈ మాట తాతల నుంచి మనవళ్ల దాకా వచ్చింది. ఇప్పుడు సెల్‌ఫోన్ వీడియోల్లోనూ తిరుగుతోంది.

ఇంతకీ ఈ కథలో నిజమెంత? నిధి నిజంగానే పెనుకొండకు వచ్చిందా? వస్తే ఎక్కడికి పోయింది?

రాజధాని ఎలా అయింది?

పెనుకొండ అంటే పెద్ద కొండ అని అర్థం. సంస్కృతంలో ఘనగిరి అన్నారు. విజయనగర సామ్రాజ్యం తొలి రోజుల నుంచే ఇది ముఖ్యమైన చోటు. మొదటి బుక్కరాయలు ఈ సీమను తన కుమారుడు వీర విరుపణ్ణకు అప్పగించాడు. ఆయన కాలంలోనే కోట కట్టారని ఇక్కడి శాసనం చెబుతోంది. ఆ తర్వాత హంపీ రాజులకు పెనుకొండ రెండో రాజధానిలా మారింది.

అసలు మలుపు 1565 జనవరిలో వచ్చింది. తళ్లికోట యుద్ధంలో దక్కను సుల్తానుల చేతిలో విజయనగరం ఓడిపోయింది. అళియ రామరాయలు చనిపోయాడు. ఆయన తమ్ముడు తిరుమలరాయలు పేరుకు రాజైన సదాశివరాయలను, ఖజానాను వెంటబెట్టుకుని హంపీ వదిలేశాడు. నేరుగా వచ్చింది పెనుకొండకే.

550 ఏనుగుల లెక్క ఎక్కడిది?

చరిత్రకారుడు రాబర్ట్ సీవెల్ 1900లో విజయనగరంపై రాసిన పుస్తకంలో ఈ లెక్క ఉంది. బంగారం, వజ్రాలు, రాచ చిహ్నాలు, రత్నాల సింహాసనం.. అన్నీ 550 ఏనుగులపై తరలించారని ఆయన రాశారు. ఇది పాత పోర్చుగీసు రాతల నుంచి వచ్చిన సమాచారం. అంకె కాస్త అటూ ఇటూ కావచ్చు. పెద్ద ఎత్తున సొమ్ము తరలిందన్న మాటను మాత్రం చరిత్రకారులు కాదనరు.

మరి ఆ సొమ్ము ఏమైంది?

దీనికి ఒక ఆసక్తికరమైన సాక్ష్యం ఉంది. వెనిస్ వర్తకుడు సీజర్ ఫ్రెడరిక్ 1567లో హంపీకి వచ్చాడు. నగరం ఖాళీగా కనిపించింది. కొలువు అక్కడికి ఎనిమిది రోజుల ప్రయాణ దూరంలోని పెనుకొండకు మారిందని ఆయన రాశాడు. తిరుమలరాయలు గుర్రాల వ్యాపారులను పిలిపించి, గుర్రాలు తీసుకుని, డబ్బులివ్వకుండా పంపేశాడని కూడా రాశాడు.

గమనించారా? సైన్యం చెల్లాచెదురైంది. గుర్రాలు కావాలి, జీతాలు ఇవ్వాలి, కోటలు బాగు చేయాలి. 550 ఏనుగుల సంపద ఉందంటున్న రాజు గుర్రాలకు డబ్బు ఎగ్గొట్టాడంటే ఖర్చు ఏ స్థాయిలో ఉందో ఊహించుకోవచ్చు. పైగా పెనుకొండ ఎక్కువ కాలం రాజధానిగా లేదు. బీజాపూర్ సేనలు పదేపదే దండెత్తాయి. 1590 దశకంలో వెంకటపతిరాయలు కొలువును చంద్రగిరికి మార్చాడు. ఆ తర్వాత అది వేలూరుకు చేరింది. రాజు కదిలితే ఖజానా కూడా కదులుతుంది. కొండ కింద పాతిపెట్టి వెళ్లాల్సిన పనేముంది?

ఖజానాకు లేపాక్షితో లింకేంటి?

పెనుకొండ ఖజానా చుట్టూ అల్లుకున్న మరో కథ లేపాక్షిది. అచ్యుతదేవరాయల కాలంలో ఇక్కడి అధికారి విరుపణ్ణ, ఆయన సోదరుడు వీరన్న లేపాక్షి వీరభద్రస్వామి ఆలయం కట్టించారు. ఖజానా సొమ్ము గుడికి ఖర్చు పెట్టేశాడని రాజుకు కోపం వచ్చిందట. కళ్లు పీకించమన్నాడట. విరుపణ్ణే తన కళ్లు తీసి గోడకు కొట్టాడని, ఆ ఎర్రటి మచ్చలు ఇవేనని ఇప్పటికీ చూపిస్తారు. ఇది జనం చెప్పుకునే కథే. అయినా ఆ రోజుల్లో ఖజానా సొమ్ము గుళ్లు, మండపాల రూపంలోకి ఎలా మారేదో ఈ కథ చెబుతుంది.

కోట వీధుల్లో ఏమేం చూడొచ్చు?

గగన్ మహల్: రాజుల వేసవి విడిది అని చెబుతారు. రెండంతస్తుల భవనం. కింద మసీదుల్లో కనిపించే తరహా కమానులు, పైన గుడి శిఖరం లాంటి కట్టడం. రెండు శైలులూ ఒకే గోడపై కనిపిస్తాయి.

రామాలయం, శివాలయం: రెండూ పక్కపక్కనే. ఒకదాని గోడలపై రామాయణ, కృష్ణ కథలు. ఇంకోదానిపై శివుడి కథలు. చదువు రానివాళ్లకు కూడా అర్థమయ్యే బొమ్మల పుస్తకం అనుకోవచ్చు.

పార్శ్వనాథ ఆలయం: మెలికలు తిరిగిన పెద్ద పాము ముందు నిలబడిన తీర్థంకరుడి విగ్రహం ఇక్కడి ప్రత్యేకత. జైన సంప్రదాయంలో ఢిల్లీ, కొల్హాపూర్, జినకంచితో పాటు పెనుకొండ కూడా ఒక విద్యాస్థానం.

బాబయ్య దర్గా: సూఫీ గురువు బాబా ఫక్రుద్దీన్ సమాధి. ఉరుసుకు రాయలసీమ నుంచే కాదు, కర్ణాటక నుంచీ జనం వస్తారు. హిందువులు, ముస్లింలు అన్న తేడా ఉండదు. ఈ సీమలో హిందువుల ఇళ్లలోనూ బాబయ్య, ఫక్కీరప్ప అన్న పేర్లు వినిపిస్తాయి.

ఎర్రమంచి గేటు: కోట ద్వారాల్లో ఒకటి. ఇక్కడి ఆంజనేయస్వామి విగ్రహం ఎత్తు 11 అడుగులు.

వీటితో పాటు షేర్ ఖాన్ మసీదు ఉంది. కోటలో ఏడాదికి ఎన్ని రోజులో అన్ని గుళ్లు, అంటే 365 ఉండేవని ఊరివాళ్లు చెబుతారు. వీటి మధ్యే ఊరు బతుకుతోంది. పొద్దున్నే ఉగ్గాని బజ్జి, సాయంత్రం బొరుగులు, ఉడకబెట్టిన శెనక్కాయలు. దర్గా దారిలో పూలు, చక్కెర కొనేవాళ్లు. పాత రాతి గోడ నీడలో నిలబెట్టిన బైకులు.

ఎర్రమంచి రెండోసారి వార్తల్లోకి

ఒకప్పుడు కోట ద్వారానికి పేరైన ఎర్రమంచి, ఇప్పుడు కియా కార్లకు పేరు. 2017లో ఒప్పందం కుదిరింది. 2019లో కార్ల తయారీ మొదలైంది. ఏడాదికి 3 లక్షల కార్ల సామర్థ్యంతో కట్టిన ప్లాంటు ఇది. కొరియన్ భాషలో బోర్డులు కూడా వెలిశాయి. ఊరు పెరుగుతోంది, స్థలాల ధరలు పెరుగుతున్నాయి. ఇలాంటప్పుడు పాత గోడ విలువ తెలియకపోతే, అది అడ్డుగానే కనిపిస్తుంది.

నిధి కోసం తవ్వితే ఏమవుతుంది?

అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. రాయలసీమలో గుప్తనిధుల వేట కొత్త కాదు. పాడుబడ్డ గుళ్లలో విగ్రహాల కింద తవ్వడం, నంది విగ్రహాలను పగలగొట్టడం లాంటి ఘటనలు తరచూ బయటపడుతూనే ఉన్నాయి. తవ్వినోడికి దొరికేది మట్టే. పోయేది మాత్రం మళ్లీ రాని శిల్పం.

చట్టం ఏం చెబుతోందంటే..

- 1878 నాటి నిధుల చట్టం ప్రకారం భూమిలో 10 రూపాయలకు మించిన విలువైన నిధి దొరికితే కలెక్టర్‌కు రాతపూర్వకంగా చెప్పాలి. దాచిపెడితే ఏడాది దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ.
- కేంద్ర రక్షిత కట్టడాలను ధ్వంసం చేస్తే రెండేళ్ల దాకా జైలు, లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ.

ఎలా వెళ్లాలి?

పెనుకొండ హైదరాబాద్–బెంగళూరు జాతీయ రహదారి 44 పక్కనే ఉంది. అనంతపురం నుంచి సుమారు 70 కిలోమీటర్లు. ధర్మవరం–బెంగళూరు లైన్లో రైల్వే స్టేషన్ ఉంది. ఓడీసీ వైపు నుంచి వచ్చేవాళ్లు గోరంట్ల మీదుగా రావచ్చు. లేపాక్షి చూసి నేరుగా తిరిగి వెళ్లిపోయేవాళ్లు ఒక పూట ఇక్కడ ఆగితే చాలు. ఎండ ముదరకముందే కొండ ఎక్కండి. పిల్లలుంటే రామాలయం గోడ దగ్గర ఆపి, ఏ బొమ్మ ఏ కథో వాళ్లనే చెప్పమనండి. ఆ గోడ ఇంకా నిలబడి ఉన్నప్పుడే చూపించాలి.