గోస్థని వెంట దిగితే

రండర్రా, ఇలా అరుగు మీదికి చేరండి. మన పెద్దది ఆంధ్రా యూనివర్సిటీలో జాగ్రఫీ చదువుతోంది కదా, మొన్న వాళ్ళ మాస్టారు క్లాసంతటినీ కొండలమీదికి తీసుకెళ్ళారు. "గోస్థని నదిని పట్టుకుని సముద్రం దాకా దిగుదాం, ఈ ప్రాంతమంతా అదే చెబుతుంది" అన్నారట. ఎంత మంచి ఆలోచనో!

ముందు అరకు. సముద్రానికి సుమారు 900 మీటర్ల ఎత్తు. వెయ్యి మీటర్లు ఎక్కితే గాలి ఆరేడు డిగ్రీలు చల్లబడుతుంది. విశాఖలో ఉక్కపోస్తుంటే అక్కడ హాయిగా ఉండేది అందుకే. కాఫీకి కావలసిందీ ఆ చల్లదనమే. గిరిజన రైతులు సిల్వర్ ఓక్ చెట్ల నీడన కాఫీ వేస్తారు, ఆ మానుకే మిరియాల తీగ పాకిస్తారు. ఒక్క చెట్టు కింద రెండు పంటలు, చూశారా!

కాస్త దిగితే బొర్రా గుహలు. నాకు ప్రాణం ఆ చోటంటే. వాన నీరు గాలిలోంచి, మట్టిలోంచి బొగ్గుపులుసు వాయువును కలుపుకుని కాస్త పుల్లబడుతుంది. ఆ నీరు సున్నపురాతి సందుల్లోకి దిగి, రాయిని కొద్దికొద్దిగా కరిగించుకుంటూ పోతుంది. అలా వేల వేల ఏళ్ళకు కొండ కడుపు బోలైంది. పైకప్పునుంచి జారే ప్రతి చుక్కా వాయువును వదిలేసి, కరిగించుకున్న సున్నాన్ని అక్కడే పెట్టి పోతుంది. అలా వేలాడే స్తంభాలు మొలిచాయి. అమ్మ నీళ్ళు కాచే గిన్నె అడుగున తెల్లటి పెచ్చు కడుతుందే, సరిగ్గా అదే సరుకు! గోకి చూడండి రేపు.

గుహల కిందుగా పారే గోస్థని తాటిపూడి జలాశయంలో ఆగి, విశాఖకు తాగునీరిచ్చి, భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. అక్కడికి కాస్త ఇవతలే ఎర్రమట్టి దిబ్బలు. ఇసుక రేణువులకు ఇనుప తుప్పు పూతపట్టి ఆ ఎరుపు వచ్చింది. ఇరవై వేల ఏళ్ళ కిందట, మంచు యుగంలో, సముద్రం ఇప్పటికంటే వంద మీటర్లకు పైగా కిందికి దిగిపోయింది. బయటపడ్డ ఇసుకను గాలి ఎగరేసి ఒడ్డున పోగుచేసిందని, వాగులూ ఓ చెయ్యి వేశాయని పెద్దలు చెబుతారు. గట్టిగా రాయి కట్టని మట్టి కాబట్టి ప్రతి వానకీ కోసుకుపోయి లోతైన గండ్లు పడుతున్నాయి. మీరు వెళ్ళినప్పుడు అంచులు ఎక్కి తొక్కకండి. గండిలో నిలబడి గోడమీద పొరలు చూడండి, కిందవి పాతవి, పైవి కొత్తవి.