6.4 తొలగించిన బ్రౌజింగ్ హిస్టరీ: తిరిగి పొందడం ఎంతవరకు సాధ్యం?

ప్రాజెక్టు నివేదిక రాస్తున్న ఒక విద్యార్థి, వారం రోజులుగా చదివిన వెబ్ పేజీల చిరునామాలను ఎక్కడా రాసిపెట్టుకోలేదు. కంప్యూటర్ నెమ్మదించిందని ఒకరోజు హిస్టరీ మొత్తం తుడిచివేశాడు. ఆ పేజీలు మళ్ళీ దొరుకుతాయా? జవాబు చెప్పాలంటే, హిస్టరీ ఎక్కడ, ఏ రూపంలో ఉంటుందో ముందుగా తెలుసుకోవాలి.

6.4.1 నిల్వ ఉండే విధానం

క్రోమ్, ఫైర్‌ఫాక్స్ రెండూ హిస్టరీని ఎస్‌క్యూలైట్ అనే డేటాబేస్ ఫైలులో భద్రపరుస్తాయి. చిరునామా, పేజీ శీర్షిక, చూసిన సమయం అందులో నమోదవుతాయి. క్రోమ్ సుమారు 90 రోజుల హిస్టరీని మాత్రమే ఉంచుతుంది. ఇన్‌కాగ్నిటో విండోలో చూసినవి ఈ ఫైలులో చేరవు.

6.4.2 తొలగిస్తే ఏమవుతుంది?

సాధారణంగా ఎస్‌క్యూలైట్ ఆ చోటు ఖాళీ అని గుర్తు మాత్రమే పెడుతుంది. అద్దె ఇంటికి టులెట్ బోర్డు తగిలించినా, కొత్తవారు దిగేవరకు పాత సామాను లోపలే ఉండిపోవచ్చు. ఇదీ అంతే. అయితే 'సెక్యూర్ డిలీట్' అమరిక ఆన్‌లో ఉంటే ఆ చోట సున్నాలు రాస్తుంది. ఎస్‌ఎస్‌డీ డిస్కులలో 'ట్రిమ్' ప్రక్రియ తొలగించిన ఫైళ్ళ భాగాలను శుభ్రం చేస్తుంది. ఈ రెండు సందర్భాలలో ఆశ తక్కువ.

6.4.3 వెతకవలసిన క్రమం

ముందుగా బ్రౌజర్ వాడకం ఆపండి. కొత్తగా తెరిచే ప్రతి పేజీ పాత సమాచారంపై చేరవచ్చు.

1. విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌లో 'ఐపీకాన్ఫిగ్ /డిస్‌ప్లేడీఎన్‌ఎస్' ఆదేశం ఇవ్వండి. ఇటీవల సంప్రదించిన సైట్ల పేర్లు కనిపిస్తాయి. పేజీల చిరునామాలు కనిపించవు. కంప్యూటర్ రీస్టార్ట్ చేస్తే ఇవీ పోతాయి. అందుకే ఇది మొదటి మెట్టు.
2. డౌన్‌లోడ్ల ఫోల్డరు, బుక్‌మార్కులు చూడండి.
3. మరొక పరికరం నుండి గూగుల్ ఖాతాలోని 'మై యాక్టివిటీ' తెరవండి. ఆ నమోదు ఆన్‌లో ఉండి ఉంటే, మీరు వెతికిన పదాలు అక్కడ విడిగా ఉండవచ్చు.
4. పూర్తి బ్యాకప్ ఉంటే, పాత హిస్టరీ ఫైలును వేరే ఫోల్డరులోకి తెచ్చి ఎస్‌క్యూలైట్ వ్యూయర్‌తో చదవండి.
5. రికవరీ సాఫ్ట్‌వేర్ చివరి మార్గం. దానిని అదే డిస్కులో కాక, పెన్‌డ్రైవ్‌లో ఉంచి నడపాలి.

6.4.4 హద్దులు

ఈ పద్ధతులు మీ సొంత కంప్యూటర్‌కే. ఇతరుల కంప్యూటర్‌లోని సమాచారాన్ని అనుమతి లేకుండా చూడటం, నకలు తీయడం సమాచార సాంకేతిక చట్టం, 2000లోని 43వ సెక్షన్ ప్రకారం తప్పు. దురుద్దేశంతో చేస్తే 66వ సెక్షన్ కింద మూడేళ్ళ వరకు జైలుశిక్ష పడవచ్చు. మరొక సంగతి కూడా గుర్తుంచుకోండి: నెట్ సెంటర్‌లో హిస్టరీ తుడిచినంత మాత్రాన మీ జాడలన్నీ చెరిగిపోయినట్లు కాదు.

మన విద్యార్థికి కొన్ని సైట్ల పేర్లు, కొన్ని వెతుకులాట పదాలు దొరకవచ్చు. మొత్తం జాబితా దొరకడం అరుదు. చదివిన వెంటనే చిరునామా, తేదీ నోటుపుస్తకంలో రాసుకోవడమే అన్నిటికంటే నమ్మకమైన బ్యాకప్.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. హిస్టరీ తొలగించిన వెంటనే బ్రౌజర్ వాడకం ఎందుకు ఆపాలి?
2. డీఎన్‌ఎస్ నమోదుకూ, హిస్టరీ ఫైలుకూ గల తేడా ఏమిటి?